ఆయన చేతిలో ఉన్న గ్రంథం

(పర్లాకిమిడిలో ఒక శనివారం సాయంకాలపు కూడికలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకొనేందుకు ధ్వనిముద్రణ విని వ్రాసినది.)

ప్రభువు నామమున మీకందరికీ వందనములు. వాన కురుస్తున్నా గుణుపురం నుంచి, కాశీనగరం నుంచి, ఇటు పాతపట్నం వైపు నుంచి ఇంతమంది వచ్చారు, సంతోషం. ఒడియా బైబిలు తెచ్చుకున్నవారూ కొందరు కనబడుతున్నారు. నేను తెలుగులోనే మాట్లాడతాను గాని అధ్యాయాల, వచనాల సంఖ్యలు నిదానంగా చెబుతాను, మీరు మీ గ్రంథంలో తీసి చూసుకోండి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక తమ్ముడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "అయ్యగారూ, నాకు యేసు చాలు. పాత నిబంధన యూదుల పుస్తకం. అందులో యుద్ధాలు, బలులు, తినకూడని జంతువుల జాబితాలు. పక్కింటివాళ్లు అడిగితే జవాబు చెప్పలేకపోతున్నాను. అది దేవుడు ఇచ్చినదే అని నేనెందుకు నమ్మాలి?" అన్నాడు. అతని జేబులో చిన్న కొత్త నిబంధన ఉంది. దాన్ని తీసి మొదటి పేజీ మొదటి వాక్యం చదవమన్నాను. చదివాడు: "అబ్రాహాము కుమారుడగు దావీదు కుమారుడైన యేసు క్రీస్తు వంశావళి." తమ్ముడూ, అబ్రాహాము ఎవరు? దావీదు ఎవరు? నీ జేబులో ఉన్న పుస్తకం చెప్పదు. నీకు అవి ముందే తెలుసు అనుకొని అది మొదలవుతుంది. గుమ్మంలోనే ఆ పాత ఇంటి తాళం అడిగే పుస్తకం అది. అతను నవ్వాడు గాని తృప్తిపడలేదు. తృప్తిపడకపోవడం న్యాయమే, ఎందుకంటే అది చమత్కారమే గాని జవాబు కాదు. జవాబు చెప్పడానికే ఇప్పుడు నిలబడ్డాను.

ముందు ఆ "పాత" అనే మాట సంగతి. ఒడియాలో "పురాతన నియమ" అంటారు, వినడానికి కాస్త గౌరవంగా ఉంటుంది. మన తెలుగులో "పాత" అనగానే పాత బట్టలు, పాత సామాను గుర్తుకొస్తాయి. అయితే అదే మనం బియ్యం దగ్గరకు వచ్చేసరికి పాతవే కావాలంటాం, ధర ఎక్కువైనా సరే అంటాం. అపొస్తలుడైన పౌలు రెండవ కొరింథీ పత్రికలో ఒకచోట పాతనిబంధన చదవడం గురించి ప్రస్తావిస్తాడు, నిజమే. కాని యేసు ప్రభువు ఆ గ్రంథాలను ఎన్నడూ "పాత" అనలేదు. "లేఖనములు" అన్నాడు, "ధర్మశాస్త్రము, ప్రవక్తలు" అన్నాడు. ఆయన నజరేతు సమాజమందిరంలో చదవడానికి నిలబడినప్పుడు ఆయన చేతికి అందించినది యెషయా గ్రంథం. ఆయన చేతిలో ఉన్న బైబిలు అదే. వేరే బైబిలు ఆయనకు లేదు.

ఈ ఒక్క సంగతి మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే నా వాదమంతా దీనిమీదే నిలిచి ఉంది. పురావస్తు తవ్వకాలు, ప్రాచీన ప్రతులు, నెరవేరిన ప్రవచనాలు, ఇవన్నీ తరువాత చెబుతాను. చాలామంది బోధకులు వాటినే ముందు పెడతారు. నేను పెట్టను. క్రైస్తవుడు హెబ్రీ లేఖనాలను, అంటే ఈ పాత నిబంధనను, నమ్మడానికి మొదటి కారణం క్రీస్తు వాటిని నమ్మిన తీరు.

ఎలా నమ్మాడు? అరణ్యంలో అపవాది శోధించినప్పుడు, మత్తయి 4వ అధ్యాయం, ఆయన మూడుసార్లు జవాబిచ్చాడు. మూడుసార్లూ "అని వ్రాయబడియున్నది" అనే. "మనుష్యుడు రొట్టెవలన మాత్రము కాదుగాని" అన్న మాట ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయంలోది. మిగిలిన రెండూ అదే గ్రంథం 6వ అధ్యాయంలోవి. నలభై దినాలు ఉపవాసం ఉన్న మనిషి, ఆకలిగొన్న మనిషి, దేవుని కుమారుడు, తన సొంత మాటతో అపవాదిని వెళ్లగొట్టగలిగినవాడు, మోషే గ్రంథంలోని మూడు వాక్యాలమీద ఆనుకున్నాడు. ద్వితీయోపదేశకాండము మనలో ఎంతమంది పూర్తిగా చదివాం? చేతులెత్తమని అడగను లెండి.

ఇంకొకటి చూడండి, మత్తయి 19వ అధ్యాయం 4, 5 వచనాలు. పరిసయ్యులు విడాకుల గురించి అడిగారు. ఆయన ఏమన్నాడు? సృజించినవాడు "ఇందునిమిత్తము పురుషుడు తలిదండ్రులను విడిచి తన భార్యను హత్తుకొనును" అని చెప్పెనని మీరు చదువలేదా అన్నాడు. ఇప్పుడు ఆదికాండము 2వ అధ్యాయం 24వ వచనం తీయండి. తీశారా? అక్కడ ఆ మాట ఎవరు పలుకుతున్నారు? దేవుడు పలికినట్టు అక్కడ లేదు. కథ చెబుతున్న గ్రంథకర్త మాట అది. గ్రంథకర్త వ్రాసిన వాక్యాన్ని ప్రభువు "సృజించినవాడు చెప్పెను" అన్నాడు. ఇది చిన్న సంగతి కాదు. లేఖనం చెప్పినదీ దేవుడు చెప్పినదీ ఆయన దృష్టిలో ఒక్కటే అనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం నాకు దొరకలేదు.

ఆయన నమ్మిన గ్రంథాలు మన దగ్గర ఉన్న గ్రంథాలేనా అని అడగవచ్చు. అడగాలి కూడా. హెబ్రీ బైబిలులో 24 గ్రంథాలు, మన పాత నిబంధనలో 39. తేడా లెక్కలోనే గాని సరుకులో లేదు. సమూయేలు, రాజులు, దినవృత్తాంతములు మనకు రెండేసి, వారికి ఒక్కొక్కటి. హోషేయ నుంచి మలాకీ దాకా పన్నెండూ వారికి ఒకే గ్రంథం. ఎజ్రా, నెహెమ్యా కలిపి ఒకటి. అయితే వరుస వేరు. వారి సంప్రదాయపు వరుసలో ఆదికాండము మొదటిది, దినవృత్తాంతములు చివరిది. లూకా 11:51లో ప్రభువు "హేబెలు రక్తము మొదలుకొని" జెకర్యా రక్తము వరకు అంటాడు. హేబెలు హత్య ఆదికాండములో ఉంది, దేవాలయపు ఆవరణంలో జెకర్యా హత్య రెండవ దినవృత్తాంతములు 24లో ఉంది. అంటే మొదటి గ్రంథం నుంచి చివరి గ్రంథం దాకా అని ఆయన భావమని చాలామంది పండితుల అభిప్రాయం. పునరుత్థానమైన తరువాత కూడా, లూకా 24:44లో, మోషే ధర్మశాస్త్రము, ప్రవక్తల గ్రంథములు, కీర్తనలు అని మూడు భాగాలూ పేరుపెట్టి చెప్పాడు. సమాధిలోనుంచి లేచినవాడు చేసిన మొదటి పనుల్లో ఒకటి పాత నిబంధన పాఠం చెప్పడం!

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, నేనే చెబుతాను. "బైబిలుకు బైబిలే సాక్ష్యమా? దొంగకు దొంగే జామీనా?" అని. మనం నమ్మకం మొదలుపెట్టిన చోటు పుస్తకం కాదు, ఒక వ్యక్తి. చనిపోయి లేచాడని చూచినవారు ప్రాణాలకు తెగించి చెప్పిన వ్యక్తి. ఆయనను ప్రభువని ఒప్పుకున్న తరువాత, ఆయన దేన్ని దేవుని మాట అన్నాడో దాన్ని మనం కాదనగలమా? క్రైస్తవుడు కానివాడికి ఈ వాదం సరిపోదు, ఒప్పుకుంటాను. ఇది వాళ్ల కోసం కాదు. నాకు యేసు చాలు అన్న మన తమ్ముడి కోసం. యేసు చాలు గదా, మరి యేసుకు ఏది కావలసివచ్చింది?

ఈ ప్రశ్న కొత్తది కాదు. నల్ల సముద్రపు ఒడ్డున సినోపే అనే పట్టణం నుంచి మార్కియోను అనే ఓడల యజమాని రోమా సంఘానికి వచ్చాడు. యూదుల దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు. హెబ్రీ లేఖనాలన్నీ పక్కన పెట్టి, లూకా సువార్తను కత్తిరించి ఒకటి, పౌలు పత్రికలు పది, ఇంతే గ్రంథం అన్నాడు. వచ్చిన కొత్తలో సంఘానికి రెండు లక్షల సెస్టెర్షియసుల కానుక ఇచ్చాడు. సెస్టెర్షియస్ అంటే ఆనాటి రోమా నాణెం. 144వ సంవత్సరంలో సంఘం అతన్ని వెలివేసింది, ఆ డబ్బు కూడా తిరిగి ఇచ్చేసింది. డబ్బు తిరిగి ఇచ్చిన సంగతి నాకు భలే నచ్చుతుంది. కానుకల పట్టీ వ్రాసే కోశాధికారులు ఇక్కడ ఉన్నారు గనుక చెబుతున్నాను, ఒక సంఘం అంత డబ్బు వదులుకుందంటే ఆ విషయం వారికి ఎంత ముఖ్యమో చూడండి. కొత్త నిబంధనలో ఏ గ్రంథాలు ఉండాలో ఇంకా తేలని కాలంలోనే, హెబ్రీ లేఖనాలు మనవే అని సంఘం తేల్చుకుంది.

ఇప్పుడు, ఈ లేఖనాలు దేవుని ప్రేరణవలన కలిగాయి అంటామే, ఆ ప్రేరణ అంటే ఏమిటి? రెండవ తిమోతి 3:16, "దైవావేశమువలన కలిగిన ప్రతిలేఖనము." పౌలు ఇది వ్రాసే నాటికి తిమోతి "బాల్యమునుండి" ఎరిగిన లేఖనాలు ఏవి? మత్తయి, మార్కు కావు. అవ్వ లోయి, తల్లి యునీకే ఒళ్లో కూర్చోబెట్టుకొని నేర్పినవి మోషే, కీర్తనలు, ప్రవక్తలు. కాబట్టి ఈ వచనం మొట్టమొదట పాత నిబంధన గురించి చెప్పిన వచనం. మనం దీన్ని మొత్తం బైబిలుకు వర్తింపజేస్తాం, సరే. కాని కొత్త నిబంధనకు మాత్రమే వర్తింపజేయడం తలకిందుల పని.

"దైవావేశము" అన్న అనువాదంతో నాకు ఒక చిన్న పేచీ ఉంది. ఆవేశం అంటే మన ఊళ్లలో ఏం గుర్తుకొస్తుంది? అమ్మవారి సంబరాల్లో పూనకం. ఎవరినీ తక్కువ చేసి మాట్లాడడం లేదు, మాట సంగతి చెబుతున్నాను. పూనకంలో మనిషి తాను కాకుండా పోతాడు. తెలివి వచ్చాక ఏం పలికావని అడిగితే తెలియదంటాడు. పౌలు వాడిన గ్రీకు మాట థెయోప్న్యూస్తోస్. దానికి అర్థం "దేవుడు ఊపిరి ఊదినది" అని. ఊపిరి పోస్తే మనిషి పోడు, మనిషి అవుతాడు. ఆదాము విషయంలో జరిగింది అదే గదా? అందుకే ఆమోసు ప్రవచించినా పసులకాపరిగానే మాట్లాడాడు, "పసులకాపరినై మేడిపండ్లు ఏరుకొనువాడను" అని తానే చెప్పుకున్నాడు. యిర్మీయా ఏడ్చాడు, తాను పుట్టిన దినాన్ని శపించుకున్నాడు. సామెతల రచయిత ఇంటి పెద్దలా బుద్ధి చెప్పాడు. మనుషులు మనుషులుగానే ఉన్నారు. పేతురు మాటల్లో, వారు "పరిశుద్ధాత్మవలన ప్రేరేపింపబడినవారై దేవుని మూలముగ పలికిరి." గ్రంథంలో మనిషి గొంతు వినబడుతోంది కాబట్టి దేవునిది కాదు అనేవారు పూనకాన్ని కొలబద్దగా పెట్టుకుని వెదుకుతున్నారు.

ఇక ప్రతుల సంగతి. దేవుడు ఇచ్చాడే అనుకుందాం, మన చేతికి వచ్చేదాకా అది చెడిపోలేదని ఏమిటి నమ్మకం? ఇది మంచి ప్రశ్న.

మత్తయి 5:18లో ప్రభువు ధర్మశాస్త్రం నుంచి "యొక పొల్లయినను ఒక సున్నయైనను" తప్పిపోదు అన్నాడు. ఆయన పొల్లు, సున్న అన్నాడా? అవి మన తెలుగు లిపివి గదా! గ్రీకులో ఉన్నది ఐయోటా, కెరాయా. ఐయోటా వెనుక హెబ్రీ అక్షరాల్లో అతి చిన్నదైన యోద్ ఉంది. మీ బైబిలులో 119వ కీర్తనలో యోద్ అన్న శీర్షిక ఉంటుంది, చూడండి. కెరాయా అంటే అక్షరానికి ఉండే చిన్న కొమ్ము. మన అనువాదకులు ఎంత తెలివిగా పొల్లు, సున్న అని పెట్టారో ఆలోచించండి. "కలం" అనే మాటలో సున్న తీసేస్తే "కల" అవుతుంది. చేతిలో ఉన్నది కాస్తా నిద్రలోకి పోతుంది. హెబ్రీలోనూ అంతే. దాలెత్ అక్షరానికీ రేష్ అక్షరానికీ తేడా ఆ చిన్న కొమ్మే. ద్వితీయోపదేశకాండము 6:4లో "అద్వితీయుడగు యెహోవా" అన్నచోట హెబ్రీ మాట "ఎహాద్". చివరి దాలెత్‌ను రేష్ అని చదివితే "అహేర్", అంటే "వేరొకడు" అయిపోతుంది. అందుకే ఈనాటికీ తోరా, అంటే ధర్మశాస్త్రపు, చుట్టల్లో ఆ దాలెత్‌ను పెద్దదిగా వ్రాస్తారు.

మన పక్కనే వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఉంది. అక్కడి శాసనాల లిపిని ఈ పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు స్వయంకృషితో నేర్చుకొని చదివారు. రాతిమీద చెక్కింది ఎన్ని వందల ఏళ్లయినా ఉంటుంది. తాటాకు అలా కాదు, తోలు కూడా కాదు. చెద, చెమ్మ తినేస్తాయి. తాటాకు గ్రంథం బతకాలంటే ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ గంటం పట్టి ప్రతి వ్రాయాలి. మన లేఖకులు చివర ఒక శ్లోకం వ్రాసేవారు, "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా", ఎలా చూశానో అలా వ్రాశాను, తప్పున్నా ఒప్పున్నా దోషం నాది కాదు అని. పాపం, నిజాయితీగానే చెప్పారు. యూదుల లేఖకులైన మసోరెతులు దోషం నాది కాదు అని ఊరుకోలేదు. ఒక్కొక్క గ్రంథానికి వచనాలు లెక్కపెట్టి చివర వ్రాసి పెట్టారు, ఆదికాండానికి 1534 అని. అరుదుగా వచ్చే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో అంచుల్లో గుర్తు వేశారు. మూలంలో అక్షరం తప్పనిపించినా లోపల దిద్దలేదు, అంచులో "ఇలా చదువు" అని వ్రాశారు.

అయినా ఈనాడు పూర్తిగా మిగిలి ఉన్న హెబ్రీ బైబిలు ప్రతుల్లో అతి పాతది 1008వ సంవత్సరానిది. క్రీస్తు తరువాత వెయ్యేళ్లు! ఆ వెయ్యేళ్లలో ఏం జరిగిందో ఎవరు చూశారు అని విమర్శకులు అడిగేవారు. 1947లో మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహలో ఒక పశువుల కాపరికి జాడీలలో తోలు చుట్టలు దొరికాయి. తరువాత మొత్తం పదకొండు గుహల్లో ఇలాంటివి దొరికాయి. ఎస్తేరు తప్ప హెబ్రీ బైబిలులోని ప్రతి గ్రంథానికీ కొంతైనా దొరికింది. యెషయా చుట్ట ఒకటి 66 అధ్యాయాలతో పూర్తిగా, ఏడు మీటర్లకు పైగా పొడవుతో దొరికింది. క్రీస్తు పుట్టడానికి వందేళ్లకు పైగా ముందుది అది. మన దోషాల కోసం నలిగిన సేవకుని గురించి చెప్పే, మనం సిలువ ప్రవచనంగా చదివే 53వ అధ్యాయం అందులో ఉంది. సిలువ తరువాత క్రైస్తవులు వ్రాసి చేర్చారు అనడానికి ఇక వీలు లేదు.

ఇక్కడ నిజం పూర్తిగా చెప్పాలి. "ఒక్క అక్షరం తేడా లేదు" అని కొందరు బోధిస్తారు, అది తప్పు. ఆ చుట్టలో వర్ణక్రమం తేడాలు చాలా ఉన్నాయి, కొన్నిచోట్ల మాటలే వేరు. 53:11లో మన బైబిలు "తనకు కలిగిన వేదనను చూచి తృప్తినొందును" అంటుంది. ఆ చుట్టలో "వెలుగును చూచును" అని ఉంది. 145వ కీర్తన అక్షరక్రమంలో కట్టిన కీర్తన. హెబ్రీ అక్షరాలు 22, వచనాలు 21. "నూన్" అక్షరపు వచనం మసోరెతుల ప్రతిలో లేదు. కుమ్రాను చుట్ట ఒకదానిలో అది ఉంది, దేవుడు తన మాటలలో నమ్మదగినవాడు, తన క్రియలన్నిటిలో కృపగలవాడు అనే భావంతో. జారిపోయిన వాక్యం దేని గురించో చూశారా! ఇలాంటి తేడాలు మన నమ్మకాన్ని కూల్చాయా? వేల ఏళ్ల చేతివ్రాతలో జారినవి ఇవి అని వేలు పెట్టి చూపించగలుగుతున్నామంటే, మిగిలింది ఎంత భద్రంగా వచ్చిందో తెలుస్తోంది గదా.

పైగా వీటిని కాపాడింది ఎవరు? యేసును మెస్సీయ అని ఒప్పుకోనివారు. రోమా 3:2, "దేవోక్తులు యూదుల పరము చేయబడెను." మన పక్షాన సాక్ష్యం చెప్పే పత్రాన్ని అవతలి పక్షంవారు తమ పెట్టెలో, తమ ప్రాణంలా దాచిపెట్టారు. కోర్టు పనులు తెలిసినవారికి ఆ పత్రం విలువ ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఆ జనాంగానికి మనం పడిన రుణం సంగతి మన ప్రసంగాల్లో చాలా తక్కువగా వినబడుతుంది.

యుద్ధాల సంగతి తమ్ముడు అడిగాడు, తప్పించుకోను. యెహోషువ గ్రంథంలో, 137వ కీర్తన చివరలో నాకు ఈనాటికీ మింగుడుపడని వచనాలు ఉన్నాయి. అన్నిటికీ నా దగ్గర జవాబు ఉందని చెబితే అబద్ధం అవుతుంది. కాని ఎలా చదవాలో ప్రభువే కొంత నేర్పాడు. పరిసయ్యులు పరిత్యాగపత్రిక, అంటే విడాకుల పత్రం, గురించి మోషే ఆజ్ఞను ఎత్తిచూపితే, అది మీ హృదయకాఠిన్యాన్ని బట్టి ఇచ్చినది, ఆదినుండి ఆలాగు జరుగలేదు అన్నాడు. మోషే గ్రంథాన్ని పారేయలేదు, మోషే గ్రంథంలోనే ఇంకా ముందున్న పేజీకి తీసుకెళ్లాడు. బలుల సంగతి హెబ్రీ పత్రిక చెబుతుంది, తినకూడని వాటి సంగతి అపొస్తలుల కార్యములు 10 చెబుతుంది. అవి రేపు ఉదయం తరగతిలో చూద్దాం.

ఆఖరుగా ఒక్కటి. యెరూషలేములో హిన్నోము లోయ పక్కన, 1979లో, గాబ్రియేల్ బర్కాయ్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు ఒక పాత సమాధి తవ్వించాడు. అందులో సన్నని వెండి రేకు చుట్టలు రెండు దొరికాయి, తాయెత్తుల్లాంటివి. పెద్దదే వేలెడంత పొడవు. చిట్లకుండా విప్పడానికి మూడేళ్లు పట్టింది. దాదాపు 2600 ఏళ్ల క్రితంవి, కుమ్రాను చుట్టలకంటె కూడా నాలుగైదు వందల ఏళ్లు పాతవి. వాటిమీద గీసి ఉన్నది ఏమిటో తెలుసా? మీకు తెలుసు. ప్రతి ఆదివారం తలవంచి వింటున్నారు. కొన్ని మాటలు కుదించి ఉన్నా అదే దీవెన.

సంఖ్యాకాండము 6వ అధ్యాయం తీయండి, 24వ వచనం. ఒడియా గ్రంథం ఉన్నవారు "సదాప్రభు" అని మీ భాషలోనే చదవండి, మేము మా భాషలో చదువుతాము, ఒకేసారి మొదలుపెడదాం, నిలబడండి. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక..."